ఒక్క పూట వంట

ఈ ప్రయాణంలో పిన్నిగారికి అన్నిటికన్నా నచ్చిన దృశ్యం, ఇంకో మనిషి వంట చేస్తూ ఉండటం.

కోటలు చూసింది, తోటలు చూసింది. ఏ కాలందో ఒక రాజుగారి స్నానాల గది కూడా చూసింది. దాన్ని ఎవరు కడిగేవారో మాత్రం చూపించినవాడు చెప్పలేదు. కానీ బస్సు ఆగిన ప్రతిచోటా, అందరూ టోపీలు సర్దుకుని ఫొటోలకి పరిగెడుతుంటే, ఆవిడ వెనక తలుపు దగ్గర కాసేపు నిలబడిపోయేది. అక్కడ వంటావిడ పొయ్యి దింపించుకుని, గాలికి అడ్డంగా రేకు నిలబెట్టి, నేల మీద చతికిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది. పెళ్ళైనప్పటినుంచీ తన కళ్ళకే రాసిపెట్టి ఉందనుకున్న ఉల్లిపాయ ఘాటు ఇంకొకరి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంటే చూడటంలో ఒక పాపిష్టి సుఖం ఉందని ఆవిడకి ఈ వయసులో తెలిసింది. ఎవరితోనూ చెప్పలేదు.

'పిన్నిగారు' అన్నది బస్సు పెట్టిన పేరు. మొదటిరోజు ముందు సీటు కోడలుపిల్ల "పిన్నిగారూ, ఆ కిటికీ కాస్త మూస్తారా" అంది. సాయంత్రానికి ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. దాంతో ఆవిడ భర్త అడక్కుండానే బాబాయిగారైపోయారు. మేనేజరు మాత్రం ఎవరినీ వరస పెట్టి పిలవడు. అతనికి అందరూ సీటు నంబర్లే. మెడలో ఈల వేసుకుని, బస్సు కదిలే ముందు సీటు వీపు మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ చివరిదాకా లెక్కపెట్టేవాడు. ముప్పై రెండు వస్తే ఈల. రాకపోతే, "ఏడూ ఎనిమిదీ ఇంకా బాత్రూములోనే ఉన్నారా?" అని బస్సంతా వినిపించేలా అడిగేవాడు. ఏడూ ఎనిమిదీ తలవంచుకుని ఎక్కేవారు.

చివరి వరస దగ్గరికి వచ్చాక అతని చెయ్యి ఆగిపోయేది. ఆ వెనక సీట్లు పీకేసి బియ్యం బస్తాలు, సిలిండర్లు, గిన్నెలు పెట్టారు. వంటావిడ ఆ బస్తాల మీద కూర్చునేది. బస్తాలకి నంబర్లు లేవు.

ఆమె కూర్చునే తీరు పిన్నిగారు రెండోరోజే కనిపెట్టింది. మేనేజరుకి టైము కలిసిరావాలి. అందుకని వంట ఒక చోట, తిండి ఇంకో చోట. జనం చూసి వచ్చేలోపు వంట ముగించి, పొగలు కక్కుతున్న గిన్నెలు అలాగే బస్సులోకి ఎక్కించాలి. అన్నం గిన్నె దాని మానాన అది కూర్చుంటుంది. పప్పు గిన్నె కూర్చోదు. ప్రతి మలుపుకీ లేచి పోతానంటుంది. వంటావిడ దాని చుట్టూ గోనెపట్టా చుట్టి, రెండు పాదాల మధ్య ఇరికించి, మోకాళ్ళతో అదిమిపట్టి కూర్చునేది.

"మూత గట్టిగా కట్టేయకూడదా?" అని అడిగింది పిన్నిగారు.

"కడితే ఉక్కకి పాడవుద్దమ్మా. అప్పుడు మేనేజరుగారు నన్ను కడతారు."

పిన్నిగారికి నవ్వొచ్చింది. వంటావిడ నవ్వలేదు, తరిగిన ముక్కలు ఒక చేత్తో గిన్నెలోకి తోసి, కత్తి వెనకవైపుతో మోచెయ్యి గోక్కుంది. మనిషి సన్నం. వయసు ఇంత అని చెప్పడానికి లేదు, నలభైకీ అరవైకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

"ఇంతమందికీ నువ్వొక్కదానివేనా?"

"ఇద్దరం వచ్చేవాళ్ళం. మా అక్క. సొంత అక్క కాదులెండి, మా వీధిలో అక్క. పోయిన ట్రిప్పులో జ్వరమొచ్చిందని ఓ ఊళ్ళో దింపారు, వచ్చేటప్పుడు ఎక్కించుకుంటామని."

"ఎక్కించుకున్నారా మరి?"

వంటావిడ పొయ్యి మంట తగ్గించి, గిన్నె అంచు మీద గరిటె తట్టింది. "ఆ పూట నేనొక్కదాన్నే ఎలాగో నెట్టుకొచ్చానమ్మా. నెట్టుకురాగలనని మేనేజరుగారికి తెలిసిపోయింది."

పిన్నిగారు "అయ్యో" అంది. అని, అవతల ఈల వినబడితే ఫొటోలోకి వెళ్ళి నిలబడింది.

*

మూడోరోజు పొద్దున్న చెక్కబొమ్మల దుకాణం దగ్గర ఆలస్యమైంది. పదిహేనూ పదహారూ ఒక చెక్క ఏనుగు దగ్గర బేరం తెగక అరగంట తిన్నారు. చివరికి ఏనుగు రాలేదు కానీ ఆ అరగంట బస్సు మీద పడింది. పొయ్యి మీద నుంచి పప్పు దింపుతుండగానే ఈల మోగింది. డ్రైవరు ఒక చెవి, వంటావిడ ఒక చెవి పట్టుకుని గిన్నె ఎక్కించారు. అందులో ఇంకా బుడగలు లేస్తూనే ఉన్నాయి.

"కాస్త చల్లారనియ్యండి సార్" అంది వంటావిడ.

"బస్సులో చల్లారుతుందమ్మా, ఏసీ బస్సు" అన్నాడు మేనేజరు. కొందరు నవ్వారు. పిన్నిగారు కూడా నవ్వింది. ఏసీ పనిచేయక రెండు రోజులైంది మరి.

మేకల మంద అడ్డం వచ్చినప్పుడు బస్సు ఒక్కసారిగా ఆగింది. అందరి నుదుళ్ళూ ముందు సీట్లకి కొట్టుకున్నాయి. ఎవరి నుదురు వాళ్ళు తడుముకుంటూ డ్రైవరుని తిట్టుకుంటున్నారు. అప్పుడు వెనకనుంచి "పప్పు, పప్పు" అన్న మాట వినబడింది. అరుపు కాదు. పాలు పొంగుతున్నాయని పక్కింటికి చెప్పినట్టుగా ఉంది.

పిన్నిగారు లేచి వెనక్కి చూసింది. గిన్నె ఒరిగి ఉంది. వంటావిడ దాన్ని రెండు చేతులతో, రెండు కాళ్ళతో పట్టుకునే ఉంది. పప్పు ఆమె ఎడం మోకాలి మీదినుంచి పాదం దాకా కారి, గోనెపట్టాలో ఇంకుతోంది. గిన్నె వదిలేస్తే సీట్ల కిందినుంచి ముందుదాకా పారేది. అది ఆమెకి తెలుసు. ఆ కాసేపట్లోనే చివరి వరసలవాళ్ళంతా కాళ్ళు పైకెత్తి సీట్ల మీద పెట్టుకున్నారు.

"వదలవే, వదిలెయ్" అంటూ పిన్నిగారు వెనక్కి వెళ్ళి గిన్నె అవతలికి లాగి, మంచినీళ్ళ డబ్బా ఎత్తి ఆ కాలి మీద కుమ్మరించింది.

"తాగే నీళ్ళమ్మా అవి" అన్నాడు మేనేజరు.

"తెలుసు" అని రెండో డబ్బా కూడా ఎత్తింది.

ఎవరో టూత్‌పేస్టు రాయమన్నారు. ఎవరో వద్దన్నారు. తొమ్మిదో నంబరాయన తల వెనక్కి తిప్పి, "మొత్తం పోయిందా, ఏమన్నా మిగిలిందా?" అని అడిగాడు. ఆయన అడిగింది పప్పు గురించి అని అందరికీ అర్థమైంది. ఎవరూ తప్పు పట్టలేదు. మనసులో అందరిదీ అదే ప్రశ్న.

*

తర్వాత వచ్చిన ఊళ్ళో, పసుపురంగు నీళ్ళ ట్యాంకు కింద ఒక గది ఆసుపత్రి ఉంది. గది ముందు సిమెంటు అరుగు. లోపల ఒక నర్సు, ఒక బల్ల. డ్రైవరు వంటావిడని చిన్నపిల్లని ఎత్తినట్టు ఎత్తి దింపాడు. ఆమె చెప్పులు బస్తాల దగ్గరే ఉండిపోయాయి. పాదం మీద చర్మం తడికాగితంలా ముడతలు పడింది. నర్సు దాన్ని చూసి, నోటితో గాలి లోపలికి పీల్చి, "టైము పడుతుంది" అంది.

మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. బాబాయిగారు కూడా తనది చూసుకున్నారు. ఇంకొకరు గడియారం చూస్తే తను చూడకుండా ఉండలేరాయన.

"జలపాతం చూసుకుని ఇదే దారిన వస్తాంగా" అన్నాడు మేనేజరు అందరూ వినేలా. "మేం వచ్చేసరికి కట్టు కట్టేసి ఉంటారు. ఎక్కించుకుని పోదాం. సరేనా అమ్మా?"

వంటావిడ బల్ల మీదినుంచి అతని వైపు కాకుండా పిన్నిగారి వైపు చూసింది. "మధ్యాహ్నానికి అన్నం ఉందమ్మా" అంది. "కూరకే ఏం లేదు."

"నువ్వు ఊరుకో తల్లీ. కూర సంగతి మేం చూసుకుంటాం" అంది పిన్నిగారు. ఆ మాట ఎంత ధైర్యంగా అందంటే, తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆవిడకి ఆ ధైర్యమే ముందు గుర్తొచ్చేది.

జలపాతం దగ్గర హోటళ్ళు లేవు. బొరుగులమ్మే ఒక మనిషి, వేలాడే తాళ్ళ వంతెన, కిందకి దిగే మెట్లు, అంతే. జనం నీళ్ళలో తడిసి, ఆకలి పెంచుకుని పైకొచ్చారు. అన్నం గిన్నె చుట్టూ నిలబడి, "వట్టి అన్నమా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనేజరు ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు అటూ ఇటూ నడుస్తున్నాడు. వెనక్కి పోదాం, ఆ ఊళ్ళోనే తిందాం, ఎలాగూ ఆమెని ఎక్కించుకోవాలిగా అని రెండు మూడు గొంతులు లేచాయి. మేనేజరు గొణుగుతూనే, "సరే పదండి అయితే" అని ఈల నోట్లో పెట్టుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడు పిన్నిగారు కొంగు బిగించింది.

"ఇంతోటి దానికి వెనక్కెందుకు? బంగాళాదుంపలున్నాయి, ఉల్లిపాయలున్నాయి. అరగంటలో అయిపోతుంది. ఒక్క పూటకే కదా."

"అయ్యయ్యో, మీరు సీటువారు. మీకెందుకమ్మా శ్రమ" అంటూనే మేనేజరు సిలిండరు తనే దింపాడు. అతను సిలిండరు ముట్టడం బస్సు అంతవరకూ చూడలేదు.

ముప్పై రెండుమందికి ఉప్పు ఎంతో తెలియదు. నాలుగైదుగురికి వేసే చేత్తోనే మళ్ళీ మళ్ళీ వేసింది. వంటావిడ కత్తి ఆవిడ చేతికి పెద్దదైంది. రేకు నిలబెట్టడం చేతకాక మంట పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. అయినా కూర కుదిరింది. తొమ్మిదో నంబరాయన మూడుసార్లు వేయించుకుని, "వంటంటే ఇదండీ. మూడు రోజులనుంచి తిన్నది తిండేనా?" అన్నాడు. కోడలుపిల్ల అత్తగారు, "చెయ్యి తిరిగిన మనిషి వేరు" అన్నారు. బాబాయిగారు ఆకు మడుస్తూ, "ఉప్పు సరిపోయింది" అన్నారు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

పిన్నిగారికి ఆ మెప్పు కాస్త ఎక్కింది. అబద్ధం ఎందుకు, బాగానే ఎక్కింది. గిన్నెలు తనే కడిగింది కూడా.

*

భోజనమయ్యాక బస్సులో పిన్నిగారికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎండ తన ఒళ్ళో పడుతోంది. పొద్దున్న జలపాతానికి వచ్చేటప్పుడు ఎండ బాబాయిగారి బట్టతల మీద పడి, ఆయన రుమాలు కప్పుకున్నారు. వచ్చిన దారినే తిరిగి వెళ్తుంటే, పొద్దు అటు తిరిగాక కూడా ఎండ ఆయన వైపే పడాలి. పిన్నిగారు కాసేపు ఈ లెక్కతో కుస్తీ పట్టింది. తర్వాత లెక్క మానేసి కిటికీలోంచి చూసింది. పసుపురంగు ట్యాంకు కోసం చూసింది. పొగాకు ఆరబెట్టే బేరన్లు వచ్చాయి, ఇటుక బట్టీ వచ్చింది, ఎన్నడూ చూడని చెరువు వచ్చింది.

లేచి ముందుకి వెళ్ళింది.

"ట్యాంకు ఊరు దాటిపోయామా?"

మేనేజరు తల తిప్పకుండా, "ఇది దగ్గరి దారమ్మా. ఎల్లుండి పొద్దున్నే సముద్రం మీద సూర్యోదయం చూపించాలి కదా" అన్నాడు.

"మరి ఆమె?"

"ఫోన్ చేశానమ్మా. ఆమే వద్దంది. కాలు నొప్పిగా ఉంది, ఇంటికి పోతాను, మీరు వెళ్ళండి అంది. పాపం మంచి మనిషి."

పిన్నిగారు తల ఊపింది. ఊపి, వెనక్కి రెండడుగులు వేసింది. అప్పుడు బస్సు చివర, బస్తాల మధ్యనుంచి ఫోన్ మోగింది. పాతరకం ఫోన్, చెవులు చిల్లులు పడే మోత. ఎవరిదా అని అందరూ తలలు తిప్పారు. ఎవరిదీ కాదు. పిన్నిగారు అన్ని సీట్లూ దాటుకుని వెళ్ళి, ఉల్లిపాయల బస్తా వెనక చెయ్యి పెట్టి గుడ్డసంచీ ఒకటి లాగింది. అందులో ఒక చీర, దువ్వెన, మందుబిళ్ళల అట్ట, మోగుతున్న ఫోను. సంచి పక్కనే చెప్పుల జత.

మేనేజరు ఇప్పుడు తల తిప్పి చూస్తున్నాడు.

"ఎవరమ్మా అదీ?" అంది అవతలి గొంతు.

"నేను. పిన్నిని."

"మీరా. నేనేనమ్మా, నర్సమ్మగారి ఫోన్లోంచి చేస్తున్నా. కట్టు కట్టారు. ఎక్కడిదాకా వచ్చారు? నేను బయట అరుగు మీద కూర్చున్నా. బస్సు అటునుంచి వస్తే కనబడుద్ది కదా అని."

బస్సు గోతిలో పడి లేచింది. ఖాళీ గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి.

"వినబడుతోందా అమ్మా? అన్నాలు తిన్నారా?"

"తిన్నాం."

"కూర?"

"బంగాళాదుంపల కూర."

"ఎవరు చేశారు?"

"నేనే చేశాను. ఒక్క పూటకే కదా అని."

అవతల ఏదో లారీ పోతున్న చప్పుడు.

"మీరు చేశారా" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. వాన మబ్బు చూసి ఆరేసిన బట్టలు తీసుకోవాలనుకునే మనిషి గొంతు. "అయితే ఇంక రారులెండి. ఉంటానమ్మా."

*

సాయంత్రం బస్సు ఒక పెట్రోలు బంకు పక్కన, చింతచెట్టు నీడలో ఆగింది. రాత్రి వంట అక్కడే అని ఎవరూ చెప్పలేదు. పొయ్యి దిగింది, సిలిండరు దిగింది, రేకు నిలబడింది. మేనేజరు వంటావిడ కూర్చునే చోట పిన్నిగారి కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయించాడు. గౌరవం అంటే అది. గరిటె రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఇచ్చాడు.

పిన్నిగారు గరిటె తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. పిడి మధ్యలో ఒక బొటనవేలంత మేర అరిగి నున్నగా ఉంది. దాన్ని గుడ్డసంచీలో చీర పక్కన పెట్టింది. తన సంచి భుజాన వేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుంది. రోడ్డు దాటి అవతల కల్వర్టు గోడ మీద కూర్చుంది.

జనం కాసేపు, ఆవిడ గాలికి కూర్చుందనుకున్నారు. పొయ్యి వెలగకపోయేసరికి కదలిక మొదలైంది. అత్తగారు కోడలుపిల్లని మోచేత్తో పొడిచారు. "లే. ఆవిడకి ఒంట్లో బాలేదేమో. నువ్వు కానియ్."

కోడలుపిల్ల లేచింది. కల్వర్టు వైపు చూసింది. పిన్నిగారు రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలుపిల్ల మళ్ళీ కూర్చుంది.

"నాకు ఇంతమందికి కొలత తెలీదు అత్తయ్యా" అంది.

"ఇంట్లో పదిమందికి చేస్తావుగా!"

"అది పదిమందికి కదా" అంది ఆ పిల్ల, గోళ్ళు చూసుకుంటూ.

మేనేజరు ఈల ఊదాడు. వంట లేకపోతే ముందుకే పోదాం అన్నాడు. అందరూ ఎక్కారు. సీట్ల మీద దెబ్బలు వేసుకుంటూ వెళ్ళాడు. ముప్పై ఒకటి. మళ్ళీ వేశాడు. మళ్ళీ ముప్పై ఒకటే. రోడ్డు దాటి వచ్చాడు.

"పన్నెండూ... పిన్నిగారూ, మీ ఒక్కరికోసమే ఆగింది బస్సు."

"ఎందుకు ఆగడం? వెళ్ళండి."

"మిమ్మల్ని వదిలేసి ఎలా వెళ్తామమ్మా?"

"పొద్దున వెళ్ళారుగా."

"ఆమె స్టాఫు."

"నేనూ మధ్యాహ్నంనుంచి స్టాఫేగా" అంది పిన్నిగారు. "గరిటె మీ చేత్తోనే ఇచ్చారు."

మేనేజరు బాబాయిగారికి సైగ చేశాడు. బాబాయిగారు దిగి వచ్చారు. ఎప్పటిలా గడియారం చూసుకున్నారు. భార్యని చూశారు. ఆమె మొహంలో ఏం కనబడిందో, ఆయన అనదలుచుకున్నది మింగేసి, "నా బీపీ మాత్రలు నీ దగ్గర ఉన్నాయి" అన్నారు. పిన్నిగారు తన సంచి జరిపి చోటిచ్చింది. ఆయన కూర్చున్నారు. మాత్ర వేసుకున్నారు. తిరిగి లేవలేదు. ఇప్పుడు ముప్పైయే.

బస్సులో గోల పెరిగింది. పొద్దున్న బేరం తెగనివాళ్ళు ఇప్పుడు గొంతు పెంచారు. ఇంటికెళ్ళాక కంప్లైంటు పెడతామన్నారు, ఎవరి మీదో తేల్చలేదు. చివరికి తొమ్మిదో నంబరాయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఆ ట్యాంకు ఊళ్ళో హోటలు చూశానయ్యా నేను. బోర్డు కూడా చదివాను. తిప్పు బస్సు!"

హోటలు అన్న మాటతో బస్సంతా ఒక్కటైంది. వంటావిడ కోసం కాదు. పిన్నిగారికి అది తెలుసు. బస్సు దేనికోసం తిరిగితేనేం, తిరిగింది చాలనుకుంది.

*

పసుపురంగు ట్యాంకు మీద ఆఖరి వెలుతురు ఉండగా చేరారు. బస్సు ఇంకా ఆగకముందే పిన్నిగారు మెట్టు మీదికి వచ్చి నిలబడింది. అరుగు ఖాళీగా ఉంది. ఒక చివర నీళ్ళ సీసా, దాని పక్కన ఊడిన కట్టుగుడ్డ ముక్క.

నర్సు తాళం వేస్తోంది.

"ఆమా? ఇందాకే వెళ్ళిపోయింది. పాల వ్యాను వాళ్ళ ఊరివైపు పోతుంటే బతిమాలి ఎక్కింది."

"ఉండమనలేకపోయావా తల్లీ?"

"చెప్పాను. ఆ కాలుతో మెట్టు కూడా దిగకూడదు. వినలేదు. పొద్దున్నుంచి వస్తారు వస్తారని వాకిట్లోనే కూర్చున్న మనిషి, ఫోన్ మాట్లాడాక ఇంక రారని తేల్చేసుకుంది. బస్సులోవాళ్ళే చెప్పారంది." నర్సు తాళంచెవి సంచిలో వేసుకుని, బస్సునీ అందులోంచి దిగుతున్న జనాన్నీ చూసింది. "మీరు వచ్చారే మరి?"

పిన్నిగారు చెప్పులు రెండో చేతిలోకి మార్చుకుంది.

మేనేజరు వెనకనుంచి, "చూశారా, నేను చెప్పానా? క్షేమంగా ఇంటికి వెళ్తోంది" అన్నాడు. తేలికపడ్డ మనిషి గొంతు. జనం అప్పటికే హోటలులోకి వెళ్ళి బల్లలు ఆక్రమించుకుంటున్నారు.

ఆ రాత్రి అందరూ మేనేజరు ఖర్చు మీద తిన్నారు. మర్నాడూ తిన్నారు, ఆ తర్వాత రోజూ తిన్నారు. రోడ్డు పొడుగునా హోటళ్ళు ఉన్నాయని, బస్సు వాటి ముందు ఆగగలదని, అందువల్ల ఏ కొంపా మునగదని అప్పటికి తేలింది. పొయ్యి మళ్ళీ దిగలేదు. మేనేజరు పిన్నిగారిని పిన్నిగారనడం మానేశాడు. ఇప్పుడు ఆవిడ మళ్ళీ పన్నెండు.

ఫోను ఆగిపోకుండా బాబాయిగారు దాన్ని రోజూ తన చార్జరుకి తగిలించేవారు. ఆవిడ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. పొద్దున లేచేసరికి నిండి ఉండేది.

*

సముద్రం దగ్గర అది మోగింది.

జనమంతా నీళ్ళలో ఉన్నారు. కోడలుపిల్ల చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అలొచ్చినప్పుడల్లా వెనక్కి పరిగెడుతోంది. పిన్నిగారు ఒడ్డున గట్టు మీద గుడ్డసంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది.

"పిన్నిగారేనా? నా ఫోను మీ దగ్గరే ఉంటుందనుకున్నా."

"నేనే. చెప్పు తల్లీ. కాలు ఎలా ఉంది?"

"పొక్కులు పగిలాయమ్మా. పాదం ఆననివ్వట్లేదు. డాక్టరు నెల అన్నాడు. నెలంటే ఎలాగ, నిలబడకుండా అయ్యే పని ఏముంది మాకు?" ఆగింది. "ఆ చప్పుడేంటమ్మా?"

"సముద్రం."

"ఓహో. నేనెప్పుడూ బస్సు వెనకే ఉండిపోతాను, చూడలేదు. గట్టిగానే ఉందే." ఈ ఫోన్ చేసింది అందుక్కాదని పిన్నిగారికి తెలుస్తూనే ఉంది. "ఎవరు వండుతున్నారమ్మా ఇప్పుడు?"

పిన్నిగారు వెన్ను నిటారుగా పెట్టింది. ఈ ప్రశ్నకి జవాబు ఈసారి తన దగ్గర ఉంది. "ఎవరూ వండట్లేదు. నేను గరిటె ముట్టలేదు. ఎవర్నీ ముట్టనివ్వలేదు. నీకోసం వెనక్కి కూడా వచ్చాం."

వెనక్కి వచ్చిన సంగతి వంటావిడ పట్టించుకోలేదు.

"మరి తిండి?"

"హోటళ్ళలో."

"రోజూనా? మేనేజరుగారే పెడుతున్నారా?"

"రోజూ."

అవతల పెద్ద ఊపిరి వినబడింది. తర్వాత నవ్వు. ఆమె నవ్వు పిన్నిగారు వినడం అదే మొదటిసారి. చిన్నపిల్ల నవ్వులా ఉంది.

"అబ్బ, బతికించారమ్మా. అన్ని రోజులు హోటల్లో పెట్టి ఎక్కడ తట్టుకుంటాడు? వచ్చే ట్రిప్పుకి నన్నే పిలుస్తాడు. ఎవరన్నా వండేసుంటే ఇంక పిలిచేవాడు కాదు. కాలు కొంచెం ఆనితే చాలు, గిన్నె పట్టుకోవడానికి రెండోది ఉండనే ఉంది." గొంతు తగ్గించింది. "ఈ మిగిలిన రెండు రోజులు కూడా ముట్టకండమ్మా. మీకు పుణ్యముంటుంది."

పిన్నిగారు గుడ్డసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ముట్టనులే" అంది.

"నా చెప్పులు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"జాగ్రత్తమ్మా. వంటకి నిలబడేటప్పుడు అవే వేసుకుంటా. అవి లేకపోతే కాళ్ళు కాలతాయి."

ఫోన్ పెట్టేశాక పిన్నిగారు సంచిలోంచి చెప్పులు తీసింది. ఎడమదాని పట్టీ కింద పప్పు ఎండిపోయి, రాయిలా బిగుసుకుంది. గోటితో గీకింది. కొంచెం వచ్చింది. అవతల ఈల మోగింది. జనం తడికాళ్ళతో ఇసుక దులుపుకుంటూ ఎక్కారు. మేనేజరు సీట్లు తట్టుకుంటూ చివరి వరసదాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు.

లెక్క సరిపోయింది.